చేలో చేసిన పనికి ప్రాజెక్టు క్రెడిట్లు రావా? (బీఎస్సీ ఆనర్స్ బాటనీ, అనంతపురం)

చెనక్కాయచేను
నవంబర్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. బీఎస్సీ ఆనర్స్ బాటనీ నాలుగో సంవత్సరం, ఏడో సెమిస్టర్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటింది కాబట్టి రీసెర్చ్ వైపు తీసుకున్నాను. 12 క్రెడిట్ల ప్రాజెక్టు చెయ్యాలి.

సంగతేమిటంటే, ఆ ప్రాజెక్టు నేను దాదాపు చేసేశాను. ఎవరికీ చెప్పకుండా. జూలైలో మా నాయన చెనక్కాయ (వేరుశనగ) వేశాడు. సగం చేనుకు విత్తనానికి రైజోబియం పొడి (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పట్టించి వేయించాను, సగం మామూలుగా. 45 రోజులకు ఒక్కో వైపు 30 మొక్కలు తవ్వి, వేర్లు కడిగి, ఆ బ్యాక్టీరియా కాపురముండే వేరు బుడిపెలు లెక్కపెట్టాను. 60 మొక్కలకు మూడు రోజులు పట్టింది. మా అమ్మయితే "కాయలు లెక్కపెడితే డబ్బులొస్తాయి, వేర్లు లెక్కపెడితే ఏమొస్తుంది" అని రోజూ ఒకటే పాట.

నిన్న నోట్‌బుక్ తీసుకుని డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే, "టైటిల్ అప్రూవ్ కాలేదు, గైడ్ లేరు, దీన్ని ఎట్లా లెక్కలోకి తీసుకోవాలి? వేపాకు మీద ఏదన్నా చెయ్యి, అందరూ అదే చేస్తున్నారు" అన్నారు మా సార్. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను.

ఇది ఎవరి పనీ కాదు, నేను చేసిందే. దీనికి క్రెడిట్లు రావడానికి దారి ఏదైనా ఉందా?

తుంగభద్ర_గట్టు
నవంబర్ 3, రాత్రి 11:15

వేపాకు! మా కర్నూలులో కూడా అదే. ఒక బ్యాచ్‌కి వేప, ఇంకో బ్యాచ్‌కి తులసి, మిగిలినోళ్లకు కలబంద. మా సీనియర్లు, వాళ్ల సీనియర్లు అందరూ ఆ మూడు మొక్కలనే నూరి పోశారు.

బాటనీ_మాస్టారు
నవంబర్ 4, ఉదయం 6:05

పాపా, ముందు చేదు మాట చెప్పేస్తాను, తరవాత తీపి. జూలైలో చేసిన పనికి క్రెడిట్లు రావు. మీ సార్‌కి నీ మీద కోపమేమీ ఉండదు. క్రెడిట్ అనేది ఫలితానికి ఇచ్చే బహుమతి కాదు, పర్యవేక్షణలో నువ్వు పెట్టిన గంటలకు వేసే లెక్క. ఎవరూ చూడని గంటలకు ఎవరు సంతకం పెడతారు చెప్పు?

లెక్క కూడా చూడు. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన కరికులమ్, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో క్లాసు పాఠమైతే 15 గంటలకు ఒక క్రెడిట్. ల్యాబ్, ఫీల్డ్ పని అయితే 30 గంటలకు ఒకటి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. అందులో రీసెర్చ్ ప్రాజెక్టుకు 12. ల్యాబ్ లెక్కన కడితే 360 గంటలు. పదిహేను వారాల సెమిస్టర్‌లో ఇరికిస్తే వారానికి 24 గంటలు. అంటే ప్రాజెక్టు తప్ప ఇంకేమీ పెట్టుకోకూడదు. నీ మూడు రోజుల వేర్ల లెక్క అందులో మహా అయితే ముప్పై గంటలు.

ఇక తీపి. ఇప్పుడు నవంబర్. మీకు బోరు ఉందా?

చెనక్కాయచేను
నవంబర్ 4, ఉదయం 6:50

ఉంది సార్. నీళ్లు తక్కువే. నాయన ఎకరాకు మించకుండా రబీ చెనక్కాయ వేస్తాడు. ఇంకా విత్తలేదు.

బాటనీ_మాస్టారు
నవంబర్ 4, ఉదయం 7:10

మరి ఇంకేం. ఖరీఫ్‌లో చేసింది వృథా అని ఎవరన్నారు? దాన్ని ప్రిలిమినరీ వర్క్ అంటారు. "గత ఖరీఫ్‌లో సొంతంగా చూసినప్పుడు ఇట్లా కనిపించింది, దాన్ని సరైన పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తాను" అని రెండు పేజీల ప్రతిపాదన రాయి. ఇట్లా రాసుకొచ్చిన పిల్లను వెనక్కి పంపే గైడ్ అరుదు. నేను కర్నూలులో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. నా దగ్గరికి సొంత ప్రశ్నతో వచ్చినవాళ్లు రెండు చేతుల వేళ్లకు సరిపోతారు.

ఒకటి గుర్తుపెట్టుకో. విత్తనం నేలలో పడేలోపు టైటిల్ కాగితం మీద సంతకం పడాలి. ఆ రెంటికీ వరస తప్పితే మళ్లీ నవంబర్ 2వ తేదీకే వస్తావు.

ల్యాబ్‌లో_పిల్లి
నవంబర్ 4, మధ్యాహ్నం 1:30

నేను అనంతపురంలోనే పీహెచ్‌డీ చేస్తున్నాను. అక్క అనుకో. సార్ చెప్పినవన్నీ నిజమే, కానీ నాకు నీ డిజైన్ మీద ఒక అనుమానం. చేను సగం ఇటు, సగం అటు అన్నావు కదా. పొడి పట్టించిన సగం ఏ వైపు ఉంది? మిట్టనా, పల్లంలోనా?

చెనక్కాయచేను
నవంబర్ 4, మధ్యాహ్నం 1:52

పల్లంలో అక్కా. ఆ వైపు మట్టి కాస్త మెత్తగా ఉంటుంది, తేమ ఎక్కువసేపు నిలుస్తుంది.

అయ్యో.

ల్యాబ్‌లో_పిల్లి
నవంబర్ 4, మధ్యాహ్నం 2:20

హహ. ఆ "అయ్యో" నీకు నువ్వే అనుకున్నావు చూడు, అందుకే నువ్వు పనికొస్తావు.

ఇప్పుడు పల్లం వైపు బుడిపెలు ఎక్కువొచ్చాయంటే అది పొడి మహిమా, తేమ మహిమా? చెప్పలేం. ఇంకో చిక్కు. 30 మొక్కలు తీశాను అంటే 30 ఆధారాలు ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అవన్నీ ఒకే సగంలోవి. ఆ సగానికి ఏ భాగ్యం పట్టిందో ముప్పైకీ అదే పట్టింది. పంపిణీ చేసింది రెండు సగాలకే కాబట్టి నిజానికి నీ దగ్గర ఉన్నవి రెండే ముక్కలు. పీహెచ్‌డీ వైవాల్లో కూడా ఈ ఒక్క ప్రశ్నకు నీళ్లు నమిలేవాళ్లను చూశాను.

రబీకి ఇట్లా చెయ్యి. మిట్ట నుంచి పల్లానికి చేనును ఆరు అడ్డ పట్టీలుగా విడదియ్యి. ప్రతి పట్టీలో పక్కపక్కన రెండు మళ్లు. ఏ మడికి పొడి పట్టించిన విత్తనం, ఏ మడికి మామూలుది అనేది రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చు, నీ ఇష్టానికి కాదు. మొత్తం 12 మళ్లు. మడికి ఐదు మొక్కలు తియ్యి. గట్టు పక్కవి వద్దు, లోపలివి. ఐదింటి సగటు ఆ మడికి ఒక అంకె. చివరికి నీ చేతిలో ఆరు జతల అంకెలు ఉంటాయి. జతల టి-టెస్ట్ (తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చే లెక్క) చెయ్యి, అయిపోయింది. మళ్లీ 60 మొక్కలే! ఖరీఫ్‌లో పడ్డ కష్టమే, కానీ ఈసారి ఎవరూ నిన్ను అడ్డుకోలేరు.

విత్తేటప్పుడు ముందు మామూలు విత్తనం వేయించు. తరవాతే పొడి పట్టించింది. చేతికి, గొర్రుకు అంటుకున్న పొడి పక్క మడికి పోతే నీ పోలికే పోయింది. శిలీంద్రనాశిని పట్టించే అలవాటు మీ ఇంట్లో ఉంటే రెండు రకాల విత్తనానికీ సమానంగా ముందే పట్టించి ఆరనివ్వండి. బెల్లం నీళ్లతో రైజోబియం పట్టించేది చివర్న, నీడలో, విత్తే ముందు. ఎండలో ఆరబెడితే ప్యాకెట్‌లోని బ్యాక్టీరియా నీకంటే ముందే డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతుంది.

ఎర్రమట్టి
నవంబర్ 4, సాయంత్రం 6:45

ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతా. ఇంత కష్టపడితే ఉద్యోగం వస్తుందా? మూడేళ్లకు డిగ్రీ పట్టా తీసుకుని బీఎడ్ చేస్తే డీఎస్సీ అయినా రాయొచ్చు. మా చెల్లి ఇదే కోర్సులో ఉంది, నాలుగో ఏడాది ఫీజు నేనే కట్టాలి. రూమ్ అద్దె వేరే.

బాటనీ_మాస్టారు
నవంబర్ 4, రాత్రి 8:00

అడగాల్సిన ప్రశ్నే నాయనా. టీచర్ కావాలని మనసులో గట్టిగా ఉంటే మూడేళ్లకు ఆపెయ్యమనే చెప్తాను. నాలుగో ఏడాది ఎవరికోసమంటే పరిశోధన వైపు పోదామనుకునేవాళ్లకు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టొచ్చు. పీజీయే చెయ్యాలనుకుంటే రెండేళ్లకు బదులు ఒక్క ఏడాదితో ముగించే వీలు కూడా ఉంది. కాలం మొత్తానికి అంతే అవుతుంది. తేడా ఏమిటంటే ఒక ప్రశ్నను చేత్తో పట్టుకుని చూసిన అనుభవం. అది ఉద్యోగం ఇస్తుందని మాట ఇవ్వలేను.

మీ చెల్లెలు ఏమంటుంది?

ఎర్రమట్టి
నవంబర్ 4, రాత్రి 8:20

అడగలేదు సార్. అడుగుతా.

ఒహాయో_అనంతపురం
నవంబర్ 5, ఉదయం 5:30

మాది గుంతకల్లు, ఇప్పుడు అమెరికాలో ల్యాబ్‌లో పని. ఇక్కడి చాలా యూనివర్సిటీల్లో బయాలజీ పిల్లలు ఇండిపెండెంట్ రీసెర్చ్ అని ఒక కోర్సు నంబర్ కింద పేరు రాయించుకుంటారు. సెమిస్టర్ మొదలయ్యే ముందే ఒక కాగితం రాసుకుంటారు. ప్రశ్న ఏమిటి, వారానికి ఎన్ని గంటలు, చివర్లో ఏం ఇస్తావు, మార్కులు దేనికి పడతాయి, అంతా అందులోనే. విద్యార్థి, ప్రొఫెసర్ ఇద్దరూ సంతకం. క్రెడిట్‌కి వారానికి మూడు గంటలు అని కట్టే చోట్లు ఎక్కువ. ఇంకో కట్టుబాటు కూడా చాలా చోట్ల ఉంది. అదే గంటలకు జీతమూ తీసుకుని క్రెడిట్టూ తీసుకోవడం కుదరదు.

నాకు నచ్చింది ఆ ముందు కాగితమే. మన దగ్గర ఫారం లేకపోతే నువ్వే ఒక పేజీ రాసి మీ సార్ ముందు పెట్టు. "వారానికి ఒకసారి అరగంట మిమ్మల్ని కలుస్తాను" అని ఒక వాక్యం కూడా రాయి. గైడ్లు భయపడేది పనికి కాదు, చివరి వారంలో వచ్చి మీద పడే పిల్లలకి.

కడప_కారం
నవంబర్ 5, ఉదయం 9:10

థ్రెడ్‌లో దూరుతున్నందుకు సారీ. నాది కడప, జువాలజీ మూడో ఏడాది. వచ్చే ఏడాది ప్రాజెక్టు కలివి కోడి అనే అరుదైన పక్షి మీద చెయ్యాలని నా కోరిక. లంకమల మా ఊరి నుంచి బైక్ మీద వెళ్లొచ్చు. క్రెడిట్లతో పాటు పేరు కూడా వస్తుంది కదా?

ల్యాబ్‌లో_పిల్లి
నవంబర్ 5, ఉదయం 9:48

తమ్ముడూ, పేరు కాదు, కేసు వస్తుంది.

కలివి కోడిని 1848లో జెర్డన్ లోకానికి చూపించాడు. తరవాత కొన్ని దశాబ్దాలు జాడ లేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మళ్లీ మన కడప జిల్లాలోనే దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. రాత్రిపూట తిరిగే పక్షి, ముళ్లపొదల అడవిలో. నిపుణులే మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు, కెమెరాలు పెట్టారు, అయినా చిక్కేది కష్టం. అభయారణ్యంలో పరిశోధనకు అటవీశాఖ అనుమతి కావాలి, 1972 వన్యప్రాణి చట్టం కింద. ఆ కాగితం నీ సెమిస్టర్ అయిపోయాక వచ్చినా ఆశ్చర్యం లేదు. ఒకవేళ వచ్చినా పక్షి కనపడకపోతే రిపోర్టులో ఏం రాస్తావు?

పక్షులే కావాలంటే కడప ఊళ్లోనే చెరువుగట్టు చూడు. రోజూ పొద్దున ఒకే సమయానికి, ఒకే దారిలో నడిచి, ఏ పక్షి ఎన్ని అని రాసుకో. మూడు నెలలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పట్టుకోకు, గూడు ముట్టుకోకు.

కడప_కారం
నవంబర్ 5, ఉదయం 10:02

గోరింకలు, కాకులు లెక్కపెట్టమంటారా అక్కా 😭

ల్యాబ్‌లో_పిల్లి
నవంబర్ 5, ఉదయం 10:05

లెక్కపెట్టి చూడు. కాకులు తగ్గుతున్నాయో లేదో మీ ఊళ్లో ఎవరికైనా తెలుసా?

తుంగభద్ర_గట్టు
నవంబర్ 5, మధ్యాహ్నం 12:15

నా గోడు కూడా చెప్పుకుంటా, పిల్లలకు పనికొస్తుంది. నేను మైక్రోబయాలజీ. నాకూ వేపాకే ఇచ్చారు. ఆకు ఎండబెట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ రసంలో 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్లలు ముంచి, బ్యాక్టీరియా పూసిన ప్లేట్ మీద పెట్టాను. మర్నాడు చూస్తే బిళ్లల చుట్టూ అద్దంలాంటి ఖాళీ వలయం. స్కేలు పెట్టి 11 మిల్లీమీటర్లు అని రాసుకుని, హాస్టల్ మొత్తానికి ఫోటోలు పంపాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్ ఒకటే అడిగారు. "ఉత్త ఆల్కహాల్‌లో ముంచిన బిళ్ల పెట్టావా?" పెట్టలేదు. ఆ రాత్రే ల్యాబ్‌లో పెట్టి చూస్తే దానికీ వలయం వచ్చింది. నేను బిళ్లలు సరిగ్గా ఆరనివ్వలేదు. మూడు నెలలు నేను చంపింది వేపతో కాదు, తడి స్పిరిట్‌తో.

క్రెడిట్లు వచ్చాయి లెండి. మార్కులు తగ్గించారు, అయినా ఆవిడ మీద కోపం రాలేదు.

రెడీ_ప్రాజెక్ట్స్_24
నవంబర్ 5, మధ్యాహ్నం 3:33

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
నవంబర్ 5, మధ్యాహ్నం 3:41

బైండింగ్‌తో సహా ప్రాజెక్టు అమ్ముతామనే ప్రకటనలు ఇక్కడ వద్దు. ఆ ఖాతా ఆపేశాం. ఆశపడేవాళ్లకు ఒక మాట. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో కాపీ 10 శాతం దాటితే దిద్దుకుని మళ్లీ ఇమ్మంటారు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదే పుస్తకం మీ పక్క కాలేజీకి కూడా అమ్ముడై ఉంటుంది.

చెనక్కాయచేను
నవంబర్ 12, రాత్రి 9:20

అప్‌డేట్. అన్నీ చదివి, రెండు పేజీల ప్రతిపాదన, ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసుకుని ఇంగ్లీషులోకి మార్చి తీసుకెళ్లాను. మా సార్ చేను పటం చూసి, "మిట్ట, పల్లం నువ్వే ఆలోచించావా?" అన్నారు. నిజం చెప్పాను, ఒక అక్క చెప్పిందని. నవ్వారు. గైడ్‌గా ఒప్పుకున్నారు! నా మీద కోపమేమీ లేదట. ఏటా నలభై మందికి గైడ్‌షిప్ ఆయన ఒక్కరికే వేస్తారట, ల్యాబ్‌లో ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) ఏడాదిగా మూలన పడి ఉందట, అందుకే అందరికీ వేపాకు. అది విని నాకే జాలేసింది.

షరతులు మూడు పెట్టారు. లాగ్‌బుక్‌లో ఏ రోజు పని ఆ రోజే రాయాలి, ప్రతి శనివారం ఆయన సంతకం. బుడిపెల లెక్కతో సరిపెట్టకుండా కనీసం కొన్ని బుడిపెల నుంచి బ్యాక్టీరియా పెంచి చూపించాలి. పొడి పనిచెయ్యలేదని తేలినా అట్లాగే రాయాలి.

ఆ మూడోదానికి భయమేస్తోంది. తేడా రాకపోతే మార్కులు తగ్గవా?

బాటనీ_మాస్టారు
నవంబర్ 13, ఉదయం 6:00

తగ్గవు. పైగా రాకపోవడానికే అవకాశం ఎక్కువ అని నా అంచనా. మీ చేలో తాతల కాలం నుంచీ చెనక్కాయే కదా? అట్లాంటి నేలలో చెనక్కాయకు పనికొచ్చే బ్యాక్టీరియా ముందే కాపురం ఉంటుంది. కొత్తగా ప్యాకెట్‌లో వచ్చినవాటికి వేర్ల దగ్గర చోటు దొరకడం కష్టం. తేడా రాకపోతే "ఈ నేలకు ఈ పొడి అవసరం లేకపోవచ్చు" అని రాస్తావు. అది మీ నాయనకు ప్యాకెట్ డబ్బులు మిగిల్చే మాట.

యూరియా మాత్రం ఏ మడికీ వెయ్యనివ్వకు. నత్రజని ఉచితంగా దొరికితే మొక్క బుడిపెలు పెట్టుకునే శ్రమ తీసుకోదు.

ల్యాబ్‌లో_పిల్లి
నవంబర్ 13, ఉదయం 11:25

ఆటోక్లేవ్ పాడైతే ప్రెషర్ కుక్కర్ ఉంది కదా. 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు, 15 నిమిషాలు. చిన్న ఫ్లాస్కులకు సరిపోతుంది. వంట కుక్కర్ కాకుండా పాతది వేరేగా పెట్టుకో, అమ్మతో గొడవ రాకుండా.

బుడిపె కోసినప్పుడు లోపలి రంగు తప్పకుండా రాసుకో. గులాబీ, ఎరుపు ఉంటే లెగ్‌హిమోగ్లోబిన్ అనే ఎర్ర పదార్థం ఉన్నట్టు, బుడిపె పనిచేస్తున్నట్టు. పచ్చగానో తెల్లగానో ఉంటే అది లెక్కలో ఉంది కానీ పనిలో లేదు. కొన్ని కాలేజీల్లో హాజరు పట్టీ లాగా. కాంగో రెడ్ అనే ఎర్రరంగు కలిపిన మీడియం (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద మనకు కావాల్సిన కాలనీలు ఆ రంగు పెద్దగా పీల్చవు, తెల్లగా, జిగురుగా ఉంటాయి. చెనక్కాయ జాతి నిదానంగా పెరుగుతుంది. రెండో రోజే ప్లేట్ నిండా వచ్చిందంటే సంతోషపడకు, అది చెత్త. వారం ఆగు.

ఒహాయో_అనంతపురం
నవంబర్ 14, ఉదయం 5:10

ఇంకో మాట. మడి నంబర్లు మాత్రమే వేసి, ఏ మడికి పొడి పట్టిందో లెక్కపెట్టేవాళ్లకు తెలియకుండా చూడు. నీకు తెలిసిపోతే చెయ్యి తెలియకుండానే ఒక వైపు ఎక్కువ లెక్కపెడుతుంది.

ఎర్రమట్టి
డిసెంబర్ 2, రాత్రి 9:55

మా చెల్లి నాలుగో ఏడాది ఉంటానంది. ఈ థ్రెడ్ ఆమెకు పంపాను. కుక్కర్ కొనిమ్మంటోంది.

చెనక్కాయచేను
జనవరి 17, రాత్రి 10:10

సంక్రాంతి శుభాకాంక్షలు, ఆలస్యంగా. నవంబర్ 24న విత్తాం, అంతకు మూడు రోజుల ముందే టైటిల్ మీద సంతకాలు అయ్యాయి. పొడి పట్టించిన విత్తనం చివర్న వేశాం. రూపాయి బిళ్ల మా తమ్ముడు ఎగరేశాడు. చలికి మొక్క కాస్త నిదానించింది, అందుకే 50 రోజులు ఆగి పండగ మూడు రోజులూ తవ్వాం.

తవ్వడమే అసలు పని అని ఖరీఫ్‌లో నాకు తెలియలేదు. అప్పుడు మొక్క పట్టి లాగాను. చెనక్కాయ బుడిపెలు పక్కవేర్లు మొదలయ్యే సందుల్లో అతుక్కుని ఉంటాయి, లాగితే సగం మట్టిలోనే తెగిపోతాయి. ఈసారి మొక్క చుట్టూ జానెడు దూరంలో పార దించి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాం. ఎర్రమట్టి దానంతటదే జారింది. చివరికి జల్లెడ కింద పెట్టి చెంబుతో మెల్లగా నీళ్లు పోస్తే, వేరంతా ఆవాలు చల్లినట్టు బుడిపెలు. బ్లేడుతో ఒకటి కోస్తే లోపల లేత ఎరుపు. పండగకొచ్చిన మా చిన్నమ్మ "దీనికి రక్తముందే!" అంది.

పండగకు ముందే గట్టు పక్క మొక్కల బుడిపెలతో వేసిన ప్లేట్లు మొదటిసారి బూజు పట్టి పోయాయి. రెండోసారి పన్నెండింటిలో నాలుగింట్లో ఆరో రోజుకు చిన్న తెల్లటి కాలనీలు వచ్చాయి. సార్‌కి చూపించాను. ఆయన మిగతా పిల్లల్ని పిలిచి చూపించారు.

తేడా సంగతి: ఆరు జతల్లో పొడి మళ్లు నాలుగింట్లో ఎక్కువ, రెండింట్లో తక్కువ. టి-టెస్ట్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖరీఫ్‌లో నేను చూసింది పల్లం మహిమే అయ్యుండొచ్చు. లాగ్‌బుక్‌లో ఇప్పటికి 214 గంటలు. ఇంకా రాసే పని ఉంది.

ఒక సందేహం మిగిలింది. మడి నంబర్లు మాత్రమే చూసే మనిషి కావాలని మా అమ్మను కూర్చోబెట్టాను. 60 మొక్కల్లో పది మొక్కలు నేనూ, అమ్మా విడివిడిగా లెక్కపెట్టాం. ఎనిమిదింట్లో ఇద్దరి లెక్కా దగ్గరదగ్గరగా వచ్చింది. 9వ మడి మూడో మొక్కకు నాకు 124, అమ్మకు 131. నేను ఆవగింజలో సగం ఉన్నవాటిని వదిలేశాను, ఆమె వదల్లేదు. "పిల్లలు కూడా మనుషులే కదా" అంటోంది. రిపోర్టులో ఏది వెయ్యాలి?

ల్యాబ్‌లో_పిల్లి
జనవరి 17, రాత్రి 10:31

రెండూ వెయ్యి. పక్కన ఎంత చిన్నదాకా లెక్కపెట్టారో కూడా రాయి. అమ్మ పేరు కృతజ్ఞతల్లో కాదు, లెక్కపెట్టినవాళ్ల వరసలో.

బాటనీ_మాస్టారు
జనవరి 18, ఉదయం 5:50

ఆ మిగిలిన 50 మొక్కల వేర్లు పారెయ్యలేదు కదా?

చెనక్కాయచేను
జనవరి 18, ఉదయం 6:15

లేదు సార్. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉన్నాయి. అమ్మ పాలగిన్నె పెట్టే అర ఖాళీ చేసిచ్చింది. ఈరోజు నుంచి ఆవిడ మళ్లీ కూర్చుంటుందట.